ఏ వ్యాయామానికి ఎన్ని క్యాలరీలు? సూరత్‌లో ఒక ఇంటి లెక్క



ఆరోగ్యం గురించి ఏ పాఠశాలలో మాట్లాడినా, ఏ కళాశాలలో మాట్లాడినా, ప్రసంగం ముగిశాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నిటికన్నా ఎక్కువ క్యాలరీలు ఖర్చయ్యే వ్యాయామం ఏది?" వరంగల్ పిల్లలు అడిగినా ఇదే ప్రశ్న, సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అడిగినా ఇదే ప్రశ్న. ఒక్క మాటలో జవాబు కావాలంటే ఇవ్వవచ్చు. వేగంగా పరుగెత్తడం, వేగంగా తాడు గెంతడం. ఇవి పట్టికల్లో పై వరుసలో ఉంటాయి. కానీ ఆ జవాబు విని ఇంటికి వెళ్లినవారిలో ఎందరు మర్నాడు తాడు కొన్నారు, కొన్నవారిలో ఎందరు నెల తర్వాత కూడా గెంతుతున్నారు అని అడిగితే తరగతిలో నవ్వులు వినిపిస్తాయి. కాబట్టి ఈ రోజు ఆ ప్రశ్ననే కొంచెం విప్పి చూద్దాం. అసలు ఖర్చు అంటే ఏమిటి, దాన్ని ఎలా కొలుస్తారు, ఆ లెక్క మన ఇంట్లో ఎలా పనిచేస్తుంది అనేది మన అంశం.

ముందుగా క్యాలరీ సంగతి. ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక సెల్సియస్ డిగ్రీ పెంచడానికి కావలసిన వేడిని భౌతికశాస్త్రంలో క్యాలరీ అంటారు. ఆహారం గురించి మాట్లాడేటప్పుడు మనం క్యాలరీ అనేది నిజానికి కిలోక్యాలరీ, అంటే దానికి వెయ్యి రెట్లు. ఇక్కడ కూడా వాడుక ప్రకారం క్యాలరీ అనే అంటాను.

మన శరీరంలో ఈ శక్తి ఎక్కడ నుంచి వస్తుంది? ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త లెవాయిజియర్, గణితవేత్త లాప్లాస్‌తో కలిసి 1780 దశకంలో ఒక ప్రయోగం చేశాడు. గినీపిగ్‌ను మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచాడు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువును కూడా కొలిచాడు. బొగ్గు కాలినప్పుడు వచ్చే వేడికీ, ప్రాణి ఊపిరి తీసుకునేటప్పుడు వచ్చే వేడికీ సంబంధం ఉందని అలా తేలింది. అంటే మనలో జరుగుతున్నది మంట లేని దహనం. వంద సంవత్సరాల తర్వాత అమెరికాలో ఆట్వాటర్ అనే శాస్త్రవేత్త ఏకంగా మనిషినే ఒక గదిలాంటి పరికరంలో రోజుల తరబడి ఉంచి, తిన్న ఆహారం, వెలువడిన వేడి, చేసిన పని మూడింటి లెక్కా సరిపోతుందని చూపాడు. పిండిపదార్థాలకు, మాంసకృత్తులకు గ్రాముకు 4, కొవ్వుకు 9 క్యాలరీలు అని మీరు పాఠ్యపుస్తకంలో చదువుకునే అంకెలు ఆయన పరిశోధనల నుంచి వచ్చినవే.

దహనానికి ఆక్సిజన్ కావాలి కదా! ఇదే మనకు కొలబద్ద. శరీరం ఒక లీటరు ఆక్సిజన్ వాడుకుంటే సుమారు 5 క్యాలరీలు ఖర్చయినట్టు. కరెంటు వాడకాన్ని మీటరు చూపినట్టు, శరీరంలో శక్తి వాడకాన్ని ఆక్సిజన్ చూపుతుంది. ఊరికే కుదురుగా కూర్చున్న మనిషి తన బరువులో ప్రతి కిలోకు నిమిషానికి దాదాపు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడు. లెక్కవేస్తే కిలో బరువుకు గంటకు ఒక క్యాలరీ వస్తుంది. దీన్ని ఒక 'మెట్' అంటారు. మెటబాలిక్ ఈక్వివలెంట్ అనే మాటకు ఇది పొట్టి పేరు. ఒక పనికి 4 మెట్‌లు అన్నారంటే, కూర్చున్నప్పటికన్నా ఆ పనికి నాలుగు రెట్లు శక్తి కావాలని అర్థం. బార్బరా ఐన్స్‌వర్త్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1993లో వందలాది పనులకు ఈ అంకెలతో ఒక పట్టిక ప్రచురించారు. తర్వాత 2000లో, 2011లో, 2024లో దాన్ని సవరించారు. నేను చెప్పబోయే అంకెలు 2011 సవరణలోవి.

మీ బరువు 50 కిలోలు అనుకోండి. గంటసేపు కూర్చుంటే 50 క్యాలరీలు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 3.5 మెట్‌లు, అంటే గంటకు 175. షటిల్ బ్యాడ్మింటన్ సరదాగా ఆడితే 5.5 మెట్‌లు, 275. ఫుట్‌బాల్ 7 మెట్‌లు, 350. క్రికెట్ 4.8 మెట్‌లు అని రాశారు కానీ, బౌండరీ దగ్గర నిలబడి బంతి కోసం ఎదురుచూసే కుర్రవాడికి అన్ని ఉంటాయని నేను నమ్మను. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరుగు 8.3 మెట్‌లు, 415 క్యాలరీలు. నిమిషానికి వందకు పైగా తాడు గెంతితే 11.8 మెట్‌లు, లెక్కప్రకారం గంటకు 590. ఆసనాలతో కూడిన మామూలు యోగాభ్యాసం 2.5, సూర్యనమస్కారాలు 3.3.

ఈ చివరి అంకె చూసి కొందరికి మనసు చిన్నబోవచ్చు. 2023 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు సూరత్‌లో లక్షమందికి పైగా ఒకేచోట యోగా చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. అంతమంది చేసినది నడకకన్నా తక్కువ ఖర్చా? క్యాలరీల్లో అయితే అవును. కానీ యోగా చేసేది క్యాలరీలు తగలబెట్టడానికి కాదు. కీళ్ల కదలిక, శరీరం మీద పట్టు, ఊపిరి మీద అదుపు వంటి ప్రయోజనాలు దానికి వేరే ఉన్నాయి. ఒక కొలబద్దతో అన్నిటినీ కొలవబోతే ఇలాంటి తికమకే వస్తుంది. త్రాసుతో పొడవు కొలవలేం కదా!

ఇప్పుడు ఒక ప్రకటనను పరీక్షిద్దాం. "గంటలో వెయ్యి క్యాలరీలు కరిగించండి" అని గోడల మీద, ఫోన్లలో మీరు చూసే ఉంటారు. 50 కిలోల మనిషి గంటలో వెయ్యి క్యాలరీలు ఖర్చు చేయాలంటే అది 20 మెట్‌లు. అంటే కిలో బరువుకు నిమిషానికి 70 మిల్లీలీటర్ల ఆక్సిజన్, అదీ గంటసేపు ఆగకుండా వాడాలి. మామూలు ఆరోగ్యవంతుడైన యువకుడు ప్రాణం బిగబట్టి పరుగెత్తినప్పుడు, ఒకటి రెండు నిమిషాలు మాత్రం చేరగలిగే గరిష్ఠ స్థాయి 40, 45 మిల్లీలీటర్లు. గంటసేపు నిలబెట్టుకోగలిగేది అందులో మూడింట రెండువంతులు ఉంటే గొప్ప. అంటే దాదాపు 8 మెట్‌లు, 400 క్యాలరీలు. ప్రకటనలోని అంకె ప్రపంచస్థాయి క్రీడాకారులకు కూడా కష్టం. చూశారా, హైస్కూలు గుణకారం తెలిస్తే చాలు, జేబులో డబ్బు మిగులుతుంది.

చెమట విషయంలోనూ ఇలాంటి భ్రమే ఉంది. సూరత్ అరేబియా సముద్రానికి దగ్గర. మే నెలలో గాలిలో తేమ ఎక్కువ. ఊరికే నిలబడినా చొక్కా తడుస్తుంది. చెమట అనేది శరీరం చల్లబడడానికి చేసే ఏర్పాటు, క్యాలరీల రసీదు కాదు. ఒళ్లంతా ప్లాస్టిక్ దుస్తులు చుట్టుకుని పరుగెత్తి కిలో తగ్గామనుకునేవారు తగ్గింది నీరే. రెండు చెంబుల నీళ్లు తాగితే తిరిగి వస్తుంది. తాగకపోతే వడదెబ్బ వస్తుంది. అలాగే పొట్ట దగ్గర కొవ్వు కరగాలని రోజుకు వందసార్లు పడుకుని లేచేవారున్నారు. కొవ్వు రక్తంలో కలిసి ఒళ్లంతటి నుంచీ వస్తుంది కానీ, కదిలిన కండరం పక్కనున్న కొవ్వే కరగదు. పైగా పొట్ట కండరాలు చిన్నవి. ఆక్సిజన్ ఎక్కువ వాడేవి తొడలు, పిరుదుల్లోని పెద్ద కండరాలు. నడక, పరుగు, ఈత, సైకిలు, తాడాట వంటివి పట్టికలో పైకి రావడానికి కారణం ఇదే.

పరుగు గురించి ఒక ఆసక్తికరమైన విషయం చెప్పాలి. ఇటలీ శాస్త్రవేత్త మార్గారియా బృందం 1963లో చూపినదేమంటే, ఒక కిలోమీటరు పరుగుకు అయ్యే ఖర్చు వేగం మీద దాదాపు ఆధారపడదు. కిలో బరువుకు కిలోమీటరుకు ఒక క్యాలరీ. మెల్లగా పరుగెత్తినా, వేగంగా పరుగెత్తినా 50 కిలోల మనిషికి కిలోమీటరుకు 50. వేగంగా వెళితే నిమిషానికి ఖర్చు పెరుగుతుంది, కానీ నిమిషాలు తగ్గుతాయి. నడకకు మాత్రం అంతకన్నా తక్కువ. నడిచేటప్పుడు మన కాలు తలకిందులుగా పెట్టిన లోలకంలా పనిచేస్తుంది. ఒంటిని పైకెత్తిన శక్తి మళ్లీ ముందుకు సాగడానికి ఉపయోగపడుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ బంతిలా ఎగిరి పడుతుంటాం కాబట్టి ఖర్చు ఎక్కువ. సైకిలు మీద అయితే బరువును సీటు మోస్తుంది. దూరం లెక్కన అన్నిటికన్నా చవక అదే. ఈత దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీటి నిరోధం వల్ల అదే దూరానికి పరుగుకన్నా నాలుగు రెట్లు శక్తి కావాలి. అయితే ఈత నగరపాలక సంస్థ కొలనుల్లో, శిక్షకుడి ఎదుట నేర్చుకోవలసిన విద్య. తాపీ నదిలో దిగి నేర్చుకోవలసింది కాదు.

మీ అంతట మీరే చేయగలిగే లెక్క ఒకటి ఉంది. మీ భవనంలో ఒక అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకోండి. ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు మూడింటినీ గుణించండి. 50 × 9.8 × 3 = 1,470 జౌళ్లు. క్యాలరీల్లో 0.35. కండరం తీసుకున్న శక్తిలో నాలుగో వంతో, ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగిలింది వేడి. కాబట్టి ఒక అంతస్తు ఎక్కితే నికరంగా ఒకటిన్నర క్యాలరీ ఖర్చు. ఇక 300 మిల్లీలీటర్ల చల్లని పానీయంలో 30 గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది, దాదాపు 130 క్యాలరీలు. దాన్ని మెట్ల మీద తీర్చాలంటే 85 అంతస్తులు ఎక్కాలి. తినడం ఎంత తేలికో, ఖర్చు చేయడం ఎంత కష్టమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. "సూరత్‌లో తినాలి, కాశీలో పోవాలి" అని గుజరాతీలో సామెత ఉంది. సూరత్ ఘారీలో నేతి పాలు తెలిసినవారికి ఆ సామెతలో మొదటి సగం ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. నేను సూరత్‌నే ఎందుకు తీసుకున్నానంటే, మనం మాట్లాడుకుంటున్న సమస్య అక్కడ ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర కనిపిస్తుంది.

కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి నేతపని తెలిసిన కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, దశాబ్దాల క్రితమే సూరత్‌కు తరలివెళ్లారు. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వినిపిస్తుంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపింది. వెళ్లినవారిలో చాలామంది మరమగ్గాల మీద, మన సిరిసిల్ల మాటలో చెప్పాలంటే సాంచాల మీద, పనిచేశారు. పన్నెండు గంటల షిఫ్టు అక్కడ సర్వసాధారణం. సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగు అతుకుతూ, కండెలు మారుస్తూ, ఆ చప్పుడులో నిలబడి ఉండాలి. ఐన్స్‌వర్త్ పట్టికలో నేత, బట్టల పనులకు తేలిక పని అయితే 2.3 మెట్‌లు, మగ్గాలకు నూలు అందించడం, బీములు ఎక్కించడం వంటివి అయితే 4 మెట్‌లు అని ఉంది.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకోండి. బాపు సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడతాడు. ఇరవై ఏళ్ల కొడుకు కాలేజీలో, ట్యూషన్‌లో, తర్వాత కంప్యూటర్ ముందు అదే పన్నెండు గంటలు కూర్చుంటాడు. కూర్చుని చదవడం 1.3 మెట్‌లు. ఇద్దరి బరువూ 55 కిలోలే అనుకుందాం. బాపు పనిని అన్నిటికన్నా తేలికగా, 2.3 అనే లెక్కిద్దాం. తేడా గంటకు కిలోకు ఒక క్యాలరీ. పన్నెండు గంటలకు, 55 కిలోలకు 660 క్యాలరీలు. బియ్యంలో చెప్పాలంటే దాదాపు 190 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలతో పోల్చి చూడండి. 2020 నాటి సిఫారసుల ప్రకారం 65 కిలోల పురుషుడికి కూర్చుని చేసే పని అయితే రోజుకు 2,110 క్యాలరీలు, మధ్యస్థ శ్రమ అయితే 2,710. తేడా 600. రెండు లెక్కలూ దగ్గరగానే ఉన్నాయి.

కానీ ఆ ఇంట్లో కంచాలు ఒకటే. అమ్మ ఇద్దరికీ ఒకే తీరుగా వడ్డిస్తుంది. కొడుక్కి ఇంకొంచెం ఎక్కువే, చదువుకుంటున్నాడు కదా, బుర్రకు బలం కావాలి కదా అని. ఇక్కడ ఒక మాట. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో ఐదో వంతు మెదడుదే, నిజమే. కానీ నిద్రపోయినా, లెక్కలు చేసినా ఆ ఖర్చు పెద్దగా మారదు. సమాకలనం చేసినంత మాత్రాన ఒక ముద్ద అన్నం అరగదు.

సరే, కొడుకు ఆ 660 క్యాలరీలను వ్యాయామంతో తీర్చాలనుకున్నాడు. అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యే తాడాటే ఎంచుకున్నాడు. ఎంతసేపు గెంతాలి? ఆగకుండా 69 నిమిషాలు. ప్రతిరోజూ. కొత్తగా మొదలుపెట్టినవారు ఆగకుండా రెండు నిమిషాలు గెంతితే మెచ్చుకోవాలి. పరుగు అయితే గంటా నలభై మూడు నిమిషాలు, దాదాపు 14 కిలోమీటర్లు. బాపు చేసే పని చూడ్డానికి వ్యాయామంలా లేదు. నిమిషానికి దాని ఖర్చు చాలా తక్కువ. కానీ అది 720 నిమిషాలు సాగుతుంది. ఖర్చు అనేది వేగమూ కాలమూ గుణిస్తే వచ్చేది. మనం ఎప్పుడూ మొదటి అంకెనే చూసి రెండోదాన్ని మరిచిపోతున్నాం.

ఈ మార్పును మన దేశంలోనే, ఒక మిల్లులోనే కొలిచారంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. జాన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, భారతీయ సహచరులు రాయ్, మిత్రలతో కలిసి పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో 213 మంది తిండిని, బరువును, పనిని పరిశీలించి 1956లో ప్రచురించాడు. తేలిక పని నుంచి భారమైన పని దాకా చూస్తే, పని పెరిగినకొద్దీ తిండీ పెరిగింది, బరువు మాత్రం పెరగలేదు. ఆకలి పనిని చక్కగా అనుసరించింది. కానీ రోజంతా కూర్చునే దుకాణదారులు, గుమాస్తాల విషయంలో ఈ సూత్రం తప్పింది. వారు బరువులు మోసేవారికి దీటుగా తిన్నారు, ఒళ్లూ వచ్చింది. కదలిక ఒక స్థాయికన్నా తగ్గితే ఆకలి ఇక నమ్మదగిన సలహాదారు కాదన్నమాట. మన కథలోని కుర్రవాడు బాపు కంచాన్ని వారసత్వంగా తీసుకున్నాడు, బాపు పనిని తీసుకోలేదు. పనిని తీసుకోవాలని నేను అనడం లేదు. ఆ పని నుంచి తప్పించాలనే కదా ఆ తల్లిదండ్రులు అతణ్ణి చదివిస్తున్నది!

ఇందులో ప్రమాదం ఎంతటిది? భారతీయ వైద్య పరిశోధనా మండలి సహాయంతో జరిగి 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లకు పైనే. పైగా మనకొక చిక్కు ఉంది. పుణె నగరానికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలనే పక్కపక్కన ప్రచురించారు. ఎత్తు, బరువుల నిష్పత్తి ఇద్దరికీ సరిగ్గా 22.3. శరీరంలో కొవ్వు మాత్రం ఒకరికి 9.1 శాతం, రెండోవారికి 21.2 శాతం. ఎక్కువ ఉన్నది మన యాజ్ఞిక్ గారికి. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కూడా కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండవచ్చు. కాబట్టి "నేను సన్నగానే ఉన్నాను, నాకెందుకు వ్యాయామం?" అనే మాట మనకు చెల్లదు.

ఇక్కడ ఇంకో మలుపు ఉంది. వ్యాయామం చేస్తే పట్టికలో చూపినన్ని క్యాలరీలూ రోజు మొత్తం లెక్కలో అదనంగా చేరతాయా? చేరవు. టాంజానియాలో హడ్జా అనే జాతివారు నేటికీ వేట, దుంపల సేకరణతో బతుకుతారు. హెర్మన్ పాంట్‌జర్ బృందం వారి రోజువారీ శక్తి వ్యయాన్ని ప్రత్యేకమైన నీటి అణువుల సహాయంతో కొలిచి 2012లో ప్రచురించింది. రోజూ మైళ్ల కొద్దీ నడిచే ఆ మనుషుల మొత్తం ఖర్చు, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, నగరాల్లో కూర్చుని పనిచేసేవారి ఖర్చుతో దాదాపు సమానంగా వచ్చింది! శరీరం ఒకచోట ఎక్కువ ఖర్చయితే ఇంకోచోట పొదుపు చేస్తుందని ఆయన వాదన. ఈ పొదుపు ఎంత అనే దానిపై శాస్త్రజ్ఞుల్లో ఇంకా చర్చ ఉంది. కొంత ఉందన్నది మాత్రం స్పష్టం. సాయంత్రం గంటసేపు జిమ్‌లో చెమటోడ్చి, ఆ అలసటతో రాత్రంతా సోఫా దిగనివారిని మీరు చూసే ఉంటారు. వ్యాయామం తర్వాత కూడా మంట కొనసాగుతుందని చెబుతారు. కొనసాగుతుంది, కానీ అది వ్యాయామంలో ఖర్చయిన దానిలో సాధారణంగా పదిహేను శాతానికి మించదు.

మరి వ్యాయామం దండగా? కానే కాదు. క్యాలరీల పుస్తకంలో కనిపించని జమలు దానికి చాలా ఉన్నాయి. ఒకటి చెబుతాను. మామూలుగా రక్తంలోని గ్లూకోజు కండరంలోకి వెళ్లాలంటే ఇన్సులిన్ తలుపు తెరవాలి. కానీ కండరం పనిచేస్తున్నప్పుడు, గ్లూకోజును లోపలికి చేర్చే రవాణా ప్రోటీన్లు ఇన్సులిన్ పిలవకుండానే కణం అంచుకు వస్తాయి. అందుకే భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర అంతగా పైకెగరదు. ఆ నడకకు ఖర్చయ్యేది ముప్పై, నలభై క్యాలరీలే. పట్టికలో దానికి విలువ లేదు. శరీరంలో ఉంది.

అలాగైతే పన్నెండు గంటలు నిలబడే బాపుకు అన్ని లాభాలూ వస్తున్నట్టేనా? రావడం లేదు. ఉద్యోగంలో శ్రమ, తీరిక వేళ వ్యాయామం ఒకే ఫలితం ఇవ్వవని డెన్మార్క్ వంటి దేశాల్లో జరిగిన పరిశోధనలు చూపుతున్నాయి. గుండెకు బలం రావాలంటే అది కాసేపు వేగంగా కొట్టుకోవాలి, తర్వాత విశ్రాంతి దొరకాలి. సాంచాల దగ్గర రెండూ లేవు. గుండె వేగం పెరగదు, కాళ్లకు విశ్రాంతి ఉండదు. ఆయనకు "మీరు కూడా పొద్దున్నే పరుగెత్తండి" అని చెప్పే సాహసం నేను చేయను. షిఫ్టు దిగాక కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, సరిపడా నిద్ర, మధ్యలో కూర్చోవడానికి ఒక స్టూలు, ఇవి ఆయన హక్కుగా దొరకవలసినవి.

కుర్రవాళ్ల సంగతికి వద్దాం. 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. గమనించండి, వారు నిమిషాల్లో చెప్పారు, క్యాలరీల్లో కాదు. నిమిషాలు ఎక్కడ నుంచి వస్తాయి? ఇష్టం నుంచి. దీనికి సూరత్‌లో చక్కని ఉదాహరణ ఉంది. ఆశ్వయుజంలో నవరాత్రులు వస్తే గుజరాత్ అంతా గర్బా ఆడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒకరోజు ముందు అమావాస్య నాడు మొదలుపెట్టి, మన తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మ ఆడతారు. రెండూ వలయంగా తిరిగే ఆటలే, రెండిట్లోనూ చప్పట్లే. నృత్యాలకు పట్టికలో 4.5 నుంచి 7.8 మెట్‌ల దాకా ఉంది. వేగంగా సాగే గర్బా పైఅంచుకు చేరుతుంది. వంగి లేస్తూ నిదానంగా సాగే బతుకమ్మ నడకకు దగ్గరగా ఉంటుందని నా అంచనా. కానీ గంటల తరబడి అలసట తెలియకుండా ఆడేది ఏ జిమ్‌లో సాధ్యం? ట్రెడ్‌మిల్ మీద ఇరవై నిమిషాలకే గడియారం చూసే అమ్మాయి గర్బాలో అర్ధరాత్రి దాకా గడియారం చూడదు. కష్టమల్లా మిగతా మూడువందల యాభై చిల్లర రోజులతోనే.

కాబట్టి ఎంపిక ఇలా చేయండి. ఏడాది పొడుగునా, వారంలో ఐదు రోజులైనా మీరు చేయగలిగినది మొదటి స్థానంలో పెట్టండి. ఒకే గది ఉన్న ఇంట్లో, ఇరుకు వీధిలో ఉండేవారికి తాడాట నిజంగా మంచిదే. కొద్దిపాటి చోటు చాలు. ముప్పై సెకన్లు గెంతి ముప్పై సెకన్లు ఆగితే పది నిమిషాల్లో చక్కని వ్యాయామం అవుతుంది. కింది అంతస్తువారిని మాత్రం ముందే అడగండి. మోకాళ్ల నొప్పి ఉన్నా, ఒళ్లు బరువైనా నడక, సైకిలు మేలు. మే నెలలో అయితే తెల్లవారుజామునే ముగించండి. వారానికి రెండు రోజులు గుంజీలు, దండాలు వంటి బలం పెంచేవి చేర్చండి. కండ పెరిగితే కూర్చున్నా బోలెడు క్యాలరీలు ఖర్చవుతాయని జిమ్‌లలో చెబుతారు కానీ, కిలో కండకు విశ్రాంతిలో రోజుకు 13 క్యాలరీలే. దాని విలువ గ్లూకోజు నిల్వ చేసుకునే కోశాగారంగా.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్‌ను మోసుకెళ్లేది హిమోగ్లోబిన్. అది తక్కువైతే నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది. దాన్ని బద్ధకం అనుకుని ఇంకా కఠినమైన వ్యాయామం నెత్తిన వేసుకోకండి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఎదిగే వయసులో, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, క్యాలరీలు తగ్గించాలని పూట భోజనం మానకండి. నేను పైన చెప్పిన 190 గ్రాముల బియ్యం లెక్క ఎదుగుదల ముగిసినవారికి. వారైనా అన్నం తగ్గించిన చోట పప్పు, కూర, పెరుగు పెంచుకోవాలి. కంచం ఖాళీగా ఉంచడం కాదు.

చివరగా ఒక ప్రయోగం. ఏ పరికరమూ అక్కరలేదు. సెకన్ల ముల్లున్న గడియారం, ఒక మెట్టు చాలు. మూడు నిమిషాలు ఒకే వేగంతో ఆ మెట్టు ఎక్కి దిగండి. వెంటనే కూర్చుని మణికట్టు దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. సరిగ్గా ఒక నిమిషం తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ, తేదీ నోటుపుస్తకంలో రాయండి. మీరు ఎంచుకున్న వ్యాయామాన్ని ఆరు వారాలు చేసి, అదే మెట్టు మీద, అదే వేళకు, అదే వేగంతో మళ్లీ కొలవండి. మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య తేడా పెరిగిందా, అంటే గుండె ఇదివరకటికన్నా త్వరగా నెమ్మదిస్తోందా చూడండి. తరగతిలో తాడు గెంతినవారు, నడిచినవారు, ఆటలాడినవారు వేర్వేరు జట్లుగా ఏర్పడి మీ అంకెలను ఒకే గ్రాఫు కాగితం మీద గుర్తించండి. మధ్యలో మానేసినవారిని కూడా గ్రాఫులో చూపండి, వారు ఏ జట్టులో ఎక్కువగా ఉన్నారో తెలుస్తుంది.